కొత్త కారు కొనేటప్పుడు కుదుపు తగ్గే చక్రం సైజును ఎలా ఎంచుకోవాలి

కొత్త కారు చేతికి వచ్చిన రోజున నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాము, కొబ్బరికాయ కొడతాము, దిష్టి తీస్తాము. కానీ అవే టైర్ల పక్కన అచ్చు వేసి ఉన్న అంకెలను డబ్బు కట్టకముందు చదివేవారు చాలా తక్కువ. రంగు, మైలేజీ, సన్‌రూఫ్, లోపలి తెర గురించి గంటల తరబడి అడిగే కుటుంబం చక్రం దగ్గరకు వచ్చేసరికి వేరియంటుతో పాటు ఏది వస్తే అదే తీసుకుంటుంది. మన మార్కెట్లో చాలా మోడళ్లకు కింది వేరియంటులో చిన్న రిమ్ము (టైరు ఎక్కించే లోహపు చక్రం), పై వేరియంటులో పెద్ద అల్లాయ్ (మిశ్రలోహపు) రిమ్ము ఇస్తారు. అందువల్ల రెండు లక్షలు ఎక్కువ పెట్టి కొన్న బండిలో వెనుక సీటు పెద్దవారికి, ఆ మోడల్లోనే తక్కువ ధర బండిలో కూర్చున్నవారికన్నా ఎక్కువ కుదుపు తగిలే అవకాశం ఉంటుంది. ఈ సంగతి డెలివరీ తరువాత తెలిస్తే దిద్దుకోవడానికి ఖర్చు అవుతుంది. బుకింగుకు ముందు తెలిస్తే పైసా ఖర్చు లేదు. కాబట్టి ఈ కింది పనులన్నీ బుకింగు రశీదు చేతిలో పడకముందే పూర్తి చేయండి.

మొదటి పని: మీ బండి తిరిగే రోడ్లను కాగితం మీద రాసుకోండి

షోరూముకు వెళ్లకముందు, గత నెల రోజుల్లో మీరు ఏయే రోడ్ల మీద ఎంత తిరిగారో ఒక కాగితం మీద రాయండి. ఆఫీసుకు వెళ్లే దారిలో కాలనీ స్పీడ్ బ్రేకర్లు ఎన్ని, పైపులైను కోసం తవ్వి సరిగ్గా పూడ్చని చోట్లు ఎన్ని, నెలకు ఒకసారి ఊరికి వెళ్లేటప్పుడు హైవే దిగిన తరువాత ఎన్ని కిలోమీటర్ల రోడ్డు పాడైపోయి ఉంటుంది, వెనుక సీటులో నడుము నొప్పి ఉన్నవారు ఎవరైనా కూర్చుంటారా అన్నవి అందులో ఉండాలి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్ల పొడవునా నునుపుగా ఉండవచ్చు; కానీ మీరు దాని మీద వారానికి ఒకసారి ఎక్కి, మిగిలిన ఆరు రోజులూ గల్లీల్లో తిరుగుతుంటే, చక్రం సైజును నిర్ణయించవలసింది గల్లీయే.

కుదుపులు రెండు రకాలు ఉంటాయి, వాటిని విడివిడిగా గుర్తించడం ఇక్కడ అవసరం. మొదటిది అల వంటిది: నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోవడం వల్ల దాని మీద వేసిన రోడ్డు అక్కడక్కడ పైకి లేచి, అక్కడక్కడ కుంగి, బండి పడవలా ఊగుతుంది. ఆదిలాబాదు, కర్నూలు ప్రాంతాల్లో తిరిగినవారికి ఇది బాగా తెలుసు. రెండవది అంచు వంటిది: పదునైన గుంత, సిమెంటు పలకల మధ్య సందు, వంతెన మీద అతుకు, వరుసగా వేసిన సన్నని పట్టీల రంబుల్ స్ట్రిప్పులు. అల రకపు కుదుపును ఓర్చుకోవడం స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల పని. దానికీ చక్రం సైజుకూ సంబంధం తక్కువ. అంచు రకపు దెబ్బను మాత్రం ముందుగా ఓర్చుకోవలసింది టైరే. మీ కాగితం మీద రెండవ రకం ఎక్కువగా కనబడితే ఇక ముందు చెప్పేదంతా మీ కోసమే. మొదటి రకం మాత్రమే కనబడితే, చక్రం గురించి ఎక్కువగా ఆలోచించకుండా మంచి సస్పెన్షన్ (స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల అమరిక) ఉన్న మోడల్ కోసం వెతకండి.

రెండవ పని: టైరు మీద అంకెలు చదవడం నేర్చుకోండి

టైరు పక్కన 185/65 ఆర్15 88 హెచ్ వంటి వరుస ఒకటి ఉంటుంది. ఇందులో 185 అన్నది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అన్నది మిల్లీమీటర్లు కాదు, శాతం: టైరు గోడ ఎత్తు వెడల్పులో 65 శాతం అని అర్థం. ఆర్ అన్నది రేడియల్ అని చెప్పే గుర్తు, 15 అన్నది రిమ్ము వ్యాసం అంగుళాలలో. 88 అన్నది ఒక్కొక్క టైరు మోయగల బరువుకు సంకేతం, అంటే 560 కిలోలు. హెచ్ అన్నది ఆ టైరు గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని చెబుతుంది. మనకు కావలసింది మొదటి మూడు అంకెలు మాత్రమే.

టైరు గోడ అంటే రిమ్ము అంచు నుండి రోడ్డుకు తగిలే భాగం వరకు కనబడే రబ్బరు భాగం. దీనినే కంపెనీవారు సైడ్‌వాల్ అంటారు. దాని ఎత్తు కట్టడానికి వెడల్పును రెండవ అంకెతో గుణించి వందతో భాగిస్తే చాలు. 185ను 65తో గుణించి వందతో భాగిస్తే 120.25 మిల్లీమీటర్లు వస్తుంది. చక్రం మొత్తం వ్యాసం కావాలంటే రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి, దానికి గోడ ఎత్తును రెండుసార్లు కలపాలి: 15 అంగుళాలు 381 మిల్లీమీటర్లు, దానికి 240.5 కలిపితే 621.5 మిల్లీమీటర్లు.

ఈ లెక్కను ఒక్కసారి నిజమైన బండ్ల మీద చేసి చూస్తే అసలు విషయం కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. మారుతీ స్విఫ్ట్ కింది వేరియంట్లకు 165/80 ఆర్14 టైర్లు, పై వేరియంట్లకు 185/65 ఆర్15 టైర్లు వస్తాయి; బాలెనో పై వేరియంట్లకు 195/55 ఆర్16 వస్తాయి. మూడింటి మొత్తం వ్యాసం కట్టి చూడండి: 619.6, 621.5, 620.9 మిల్లీమీటర్లు. అంటే దూరం నుండి చూసినప్పుడు చక్రం పెద్దదైనట్టు కనబడుతున్నా, నేల నుండి బండి ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు. పెరిగింది లోహం, తరిగింది రబ్బరూ గాలీ: గోడ ఎత్తు మొదటిదానికి 132, రెండవదానికి 120, మూడవదానికి 107 మిల్లీమీటర్లు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 25 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక అంగుళం మెత్తదనం పోయింది. పెద్ద చక్రం అని మనం పిలిచేది, చాలా సందర్భాలలో, పెద్ద రిమ్ము మాత్రమే.

ఆ అంగుళం ఎందుకు అంత ముఖ్యం

బండికి మొట్టమొదటి స్ప్రింగు టైరులోని గాలి. చక్రం గుంత అంచుకు తగిలిన క్షణంలో టైరు గోడ వంగి, ఆ అంచును తనలోకి కొంత మింగుకుంటుంది. మింగగా మిగిలిన దెబ్బ మాత్రమే రిమ్ముకు, అక్కడి నుండి సస్పెన్షన్‌కు, అక్కడి నుండి సీటుకు చేరుతుంది. గోడ ఎత్తుగా ఉంటే వంగడానికి చోటు ఎక్కువ. గోడ పొట్టిగా ఉంటే ఆ కొద్ది చోటూ త్వరగా అయిపోతుంది, గాలి తక్కువగా ఉన్నప్పుడైతే అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు నలిగిపోతుంది. అలా నలిగినప్పుడు లోపలి దారాలు తెగి, కొద్ది రోజుల్లో టైరు పక్కన బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరుకు ప్యాచి వేయడం కుదరదు, దానిని పారేయవలసిందే. రిమ్ముకు కూడా ముప్పు ఉంది: ఇనుప రిమ్ము వంగితే చాలాసార్లు కొట్టి సరిచేస్తారు, అల్లాయ్ రిమ్ము వంగడమే కాక పగలవచ్చు కూడా.

దీనికి తోడు బరువు ఉంది. స్ప్రింగుకు కింద వేలాడే బరువు, అంటే టైరు, రిమ్ము, బ్రేకు, హబ్బు కలిసి ఎంత ఎక్కువైతే, చక్రం గుంతలో పడి లేచేటప్పుడు దానిని అదుపులో ఉంచడం షాక్ అబ్జార్బరుకు అంత కష్టమవుతుంది. అల్లాయ్ అంటే తేలిక అని అందరూ అనుకుంటారు. ఒకే సైజులో పోల్చినప్పుడు అది చాలావరకు నిజమే. కానీ 17 అంగుళాల అల్లాయ్, 15 అంగుళాల ఇనుప రిమ్ముకన్నా తేలికగా ఉంటుందని ఏ హామీ లేదు. పైగా పెద్ద రిమ్ముతో పాటు సాధారణంగా టైరు వెడల్పు కూడా పెరుగుతుంది, దానితో రబ్బరు బరువు, రోడ్డు రొద, రోడ్డు మీది గాడుల వెంట స్టీరింగు లాగడం కొంచెం కొంచెంగా చేరుతాయి.

పెద్ద రిమ్ము వల్ల లాభమే లేదా అంటే ఉంది, దానిని దాచకూడదు. పొట్టి గోడ మలుపులో తక్కువగా వాలుతుంది, అందువల్ల స్టీరింగు తిప్పిన వెంటనే బండి తిరుగుతుంది. గంటకు వంద కిలోమీటర్లు దాటిన తరువాత బండి కుదురుగా ఉన్నట్టు అనిపిస్తుంది. లోపల పెద్ద బ్రేకు డిస్కులు పట్టడానికి చోటు ఉంటుంది. మీరు ఒంటరిగా హైవే మీద ఎక్కువగా తిరిగేవారైతే ఈ లాభాలు మీకు దక్కుతాయి. వెనుక సీటులో తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని ఊరి రోడ్డు మీద తిరిగేవారికి వీటిలో ఏదీ కనబడదు.

మూడవ పని: వేరియంట్ల గోడ ఎత్తులను పక్కపక్కన పెట్టి చూడండి

మీకు నచ్చిన మోడల్ బ్రోషరులో చివరి పేజీల్లో టైరు సైజులు వేరియంటువారీగా ఉంటాయి. ప్రతి సైజుకూ పైన చెప్పిన గుణింపు చేసి గోడ ఎత్తు రాసుకోండి. రిమ్ము అంగుళాలను మాత్రమే చూసి తీర్పు చెప్పవద్దు, ఎందుకంటే అన్ని మోడళ్ల కథ ఒకటి కాదు.

హ్యుందాయ్ క్రెటాలో కింది వేరియంట్లకు 205/65 ఆర్16, పై వేరియంట్లకు 215/60 ఆర్17 టైర్లు వస్తున్నాయి. గోడ ఎత్తులు 133, 129 మిల్లీమీటర్లు. తేడా నాలుగు మిల్లీమీటర్లే. పైగా మొత్తం వ్యాసం 673 నుండి 690 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, పెద్ద వ్యాసం ఉన్న చక్రం గుంత అంచును కాస్త వాలుగా ఎక్కుతుంది. ఈ బండిలో చక్రం కోసం మాత్రమే కింది వేరియంటుకు దిగవలసిన పని లేదని నా అభిప్రాయం. టాటా నెక్సాన్‌లో కథ పూర్తిగా తిరగబడుతుంది: కింది వేరియంట్లకు 195/60 ఆర్16, పై వేరియంట్లకు 215/60 ఆర్16. రిమ్ము మారలేదు, కానీ గోడ 117 నుండి 129 మిల్లీమీటర్లకు పెరిగింది. ఇక్కడ ఎక్కువ డబ్బు పెట్టినవారికే ఎక్కువ రబ్బరు దక్కుతుంది. మహీంద్రా ఎక్స్‌యూవీ700లో 235/65 ఆర్17, 235/60 ఆర్18 రెండూ ఉన్నాయి. వెడల్పు ఒకటే, మొత్తం వ్యాసంలో తేడా రెండు మిల్లీమీటర్లే, గోడ మాత్రం 153 నుండి 141కి తగ్గింది. ఈ పన్నెండు మిల్లీమీటర్లు నగరం రోడ్ల మీద తెలుస్తాయి, అయినా 141 అన్నది ఇప్పటికీ మంచి ఎత్తే. కంపెనీలు వేరియంట్లను తరచుగా మారుస్తాయి కాబట్టి మీరు కొనేనాటి బ్రోషరుతో ఈ అంకెలను ఒకసారి సరిచూసుకోవాలి.

ఎంత గోడ ఉంటే చాలు అని అడిగితే ఒక శాసనం ఏమీ లేదు, నేను పాటించే కొలత చెబుతాను. చిన్న హ్యాచ్‌బ్యాక్, సెడాన్ బండ్లకు 115 నుండి 120 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మన రోడ్లకు సరిపోతుంది. 110 కన్నా తగ్గితే టెస్ట్ డ్రైవు చేయకుండా బుకింగు చేయను. ఎస్‌యూవీలు బరువైనవి, వాటికి 130 దగ్గర, లేదా ఆ పైన ఉండాలని చూస్తాను. ఎలక్ట్రిక్ కార్లకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి: బ్యాటరీ బరువు వల్ల వాటి స్ప్రింగులు గట్టిగా ఉంటాయి, గాలి కూడా తరచుగా ఎక్కువే కొట్టమంటారు, అందువల్ల పెట్రోలు బండిలో సరిపోయిన గోడ ఎత్తు ఎలక్ట్రిక్ బండిలో సరిపోకపోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మెత్తని చక్రం కింది వేరియంటులో, ఎక్కువ ఎయిర్‌బ్యాగులు లేదా మరో భద్రతా పరికరం పై వేరియంటులో ఉన్నాయనుకోండి. అప్పుడు భద్రతను వదులుకుని చక్రాన్ని ఎంచుకోవద్దు. చక్రాన్ని తరువాత మార్చుకోవచ్చు, ఎయిర్‌బ్యాగును తరువాత బిగించుకోలేము.

నాలుగవ పని: టెస్ట్ డ్రైవును పరీక్షలా చేయండి

షోరూములో టెస్ట్ డ్రైవు బండి చాలాసార్లు పై వేరియంటే అయి ఉంటుంది, మీరు కొనేది కింది వేరియంటు కావచ్చు, లేదా దానికి విరుద్ధంగా కావచ్చు. ముందుగానే ఫోను చేసి, మీరు కొనే చక్రం సైజు ఉన్న బండే కావాలని గట్టిగా అడగండి. దొరకకపోతే అదే మోడల్ వాడుతున్న బంధువునో పొరుగువారినో అడిగి పది కిలోమీటర్లు తిరిగి రండి. షోరూము బండిలో తిరిగినదానికన్నా దానివల్లే మీకు ఎక్కువ తెలుస్తుంది.

బండి ఎక్కకముందు గాలి కొలిపించండి. ఇది నేను ఎంత చెప్పినా తక్కువే. డ్రైవరు తలుపు తెరిస్తే కనబడే స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది, అందులో ముందు టైర్లకు, వెనుక టైర్లకు ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. నేను ఒకసారి ఒక బండిని నడిపి, ఇది ఎడ్లబండిలా ఉందని తేల్చి వచ్చేశాను. వారం తరువాత అదే బండిని మరోచోట నడిపితే ఎంతో మెత్తగా ఉంది. మొదటి బండిలో 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఉండవలసిన చోట 42 ఉందని, ఎవరూ దానిని తగ్గించలేదని తరువాత తెలిసింది. యార్డులో ఎక్కువ రోజులు నిలబడి ఉండే బండ్లకు ఎక్కువ గాలి కొట్టి ఉంచడం మామూలే, కానీ దానితోనే టెస్ట్ డ్రైవు చేస్తే మీరు చక్రాన్ని కాక గాలిని పరీక్షించినట్టు అవుతుంది.

సేల్స్ కుర్రాడు చూపించే నునుపైన దారిలో వెళ్లవద్దు. మీ కాగితం మీద ఉన్న రోడ్డు వంటిదానిని ఎంచుకోండి. పాడైన రోడ్డు మీద 20 నుండి 30 కిలోమీటర్ల వేగంతో, రేడియో, ఏసీ ఆపివేసి నడపండి. కుదుపు ఒంటికి తగులుతుందా, లేక చప్పుడు మాత్రమే వినబడుతుందా అన్నది గమనించండి. తరువాత వంతెన అతుకులు వరుసగా వచ్చే చోటికి వెళ్లండి. హైదరాబాదులో ఉన్నవారికి మెహిదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్లు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఇందుకు బాగా పనికివస్తుంది. విజయవాడలో ఉన్నవారికి కనకదుర్గ ఫ్లైఓవరు ఉంది. అతుకు దాటిన ప్రతిసారీ ఒక్క మొద్దు చప్పుడుతో సరిపోతే మంచిది. చప్పుడుతో పాటు స్టీరింగు వణికి, సీటు అదిరితే అది గోడ చాలడం లేదనడానికి గుర్తు.

సగం దూరం నడిపాక తాళం మరొకరికి ఇచ్చి వెనుక సీటులోకి మారండి. నడిపేవాడికి రాబోయే గుంత కనబడుతుంది, శరీరం ముందే సర్దుకుంటుంది. వెనుక కూర్చున్నవారికి ఆ అవకాశం లేదు. ఒక్కరే ఉన్న బండిలో వెనుక భాగం తేలికగా ఉండి ఎక్కువగా ఎగురుతుంది, కాబట్టి వీలైతే ఇంట్లోవాళ్లను నలుగురినీ తీసుకువెళ్లండి. స్పీడ్ బ్రేకరు మీద తీర్పు చెప్పడంలో మాత్రం కొంచెం జాగ్రత్త: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో ఉండవలసిన స్పీడ్ బ్రేకరు మన కాలనీల్లో నిటారుగా గట్టు కట్టినట్టు ఉంటుంది. అటువంటి గట్టు మీద ఏ బండి అయినా కుదుపుతుంది, ఒకే గట్టు మీద రెండు బండ్లనూ నడిపితే తప్ప పోలిక కుదరదు.

ఐదవ పని: పెద్ద రిమ్ముతోనే తీసుకోవలసి వస్తే ఏం చేయాలి

మీకు కావలసిన వేరియంటులో పెద్ద రిమ్ము ఒక్కటే ఉంటే, అదే మోడల్ కింది వేరియంటుకు కంపెనీ బిగించే రిమ్ము, టైర్లను తీసుకుని మార్చుకోవడం అన్నిటికన్నా సురక్షితమైన దారి. డెలివరీకి ముందే షోరూమును అడిగితే, చక్రాలను మార్చి ఇవ్వడానికి కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే కింది వేరియంటు కొని అల్లాయ్‌ల మీద మోజు పడే మరో కొనుగోలుదారు ఎవరైనా ఉన్నారేమో విచారించండి. మార్పిడి ఇద్దరికీ లాభం.

మార్చేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. చిన్న రిమ్ము లోపల మీ వేరియంటు బ్రేకు పట్టాలి. పై వేరియంటుకు పెద్ద డిస్కు ఉంటే కింది వేరియంటు రిమ్ము అసలు ఎక్కకపోవచ్చు, కాబట్టి ఒక చక్రాన్ని బిగించి చేత్తో తిప్పి చూసిన తరువాతే డబ్బు కట్టండి. నట్ల సంఖ్య, వాటి మధ్య దూరం, రిమ్ము మధ్య రంధ్రం, రిమ్ము లోపలికీ బయటికీ జరిగి ఉండే కొలత సరిపోవాలి. టైరు మోసే బరువు సంకేతం కంపెనీ చెప్పినదానికన్నా తగ్గకూడదు. మొత్తం వ్యాసం రెండు శాతానికి మించి మారకుండా చూడండి. ఉదాహరణకు 195/55 ఆర్16 తీసివేసి 185/65 ఆర్15 బిగిస్తే వ్యాసంలో తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, గోడ మాత్రం 13 మిల్లీమీటర్లు పెరుగుతుంది.

రిమ్ము మార్చకుండా టైరు మాత్రమే పెద్దది వేయించుకోమని చాలామంది టైరు దుకాణాల్లో సలహా ఇస్తారు. 195/55 ఆర్16 స్థానంలో 205/60 ఆర్16 వేస్తే గోడ 107 నుండి 123కి పెరిగి మెత్తగా ఉండే మాట నిజమే, కానీ మొత్తం వ్యాసం 621 నుండి 652కి, అంటే అయిదు శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 100 చూపినప్పుడు బండి వేగం మునుపటికన్నా అయిదు శాతం ఎక్కువగా ఉంటుంది, మైలేజీ మీటరు తక్కువ దూరం చూపుతుంది, పికప్పు మందగిస్తుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడో నలుగురు ఎక్కినప్పుడో టైరు లోపల రాసుకునే ప్రమాదం ఉంటుంది. నేను ఆ పని చేయను.

చట్టం వైపు కూడా ఒక చూపు వేయాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. కంపెనీయే ఆ మోడల్‌కు ఇచ్చే సైజులోనే ఉంటే మీకు ఇబ్బంది తక్కువ. చక్రాలు బాడీ దాటి బయటికి పొడుచుకువచ్చేలా బిగిస్తే పోలీసుకూ, బీమా సర్వేయరుకూ మీరే కారణం చూపించినట్టు అవుతుంది. మార్పు చేసిన తరువాత బీమా కంపెనీకి ఒక ఈమెయిలు పంపి ఉంచండి.

ఆరవ పని: తరువాతి ఖర్చును ఇప్పుడే అడగండి

బుకింగుకు ముందు ఏదైనా టైరు దుకాణానికి ఫోను చేసి రెండు సైజుల ధరలూ అడగండి. మీ ఊరికి దగ్గరి పట్టణంలో ఆ సైజు దొరుకుతుందా అన్నది ధరకన్నా ముఖ్యమైన ప్రశ్న. 185/65 ఆర్15 మండల కేంద్రంలో కూడా దొరకవచ్చు, 18 అంగుళాల టైరు కోసం జిల్లా కేంద్రం దాకా మనిషిని పంపవలసి రావచ్చు. గుంతలో పడి టైరు ఒక్కటే పోతే మామూలు సమగ్ర బీమా పాలసీ డబ్బు ఇవ్వదు. అదే ప్రమాదంలో బండి కూడా దెబ్బ తింటేనే టైరుకు ఇస్తుంది, అది కూడా కొత్త టైరు ధరలో సగం వరకే. పొట్టి గోడ టైరు తీసుకునేవారు టైరుకు విడిగా ఉండే అదనపు రక్షణ ధరను కూడా కలిపి లెక్కించుకోవాలి.

స్టెప్నీ సంగతి అడగడం మరువవద్దు. చాలా బండ్లలో నాలుగు అల్లాయ్‌లు ఒక సైజు, స్టెప్నీ ఇనుప రిమ్ముతో చిన్న సైజు ఉంటాయి. అటువంటి స్టెప్నీ వేసుకుని గంటకు 80 కిలోమీటర్లకు మించి నడపకూడదని దాని మీదే రాసి ఉంటుంది. 2020లో నిబంధనలు మారిన తరువాత, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చరు సరిచేసే కిట్టు ఉన్న కార్లకు అసలు స్టెప్నీయే లేకుండా అమ్మవచ్చు. పక్క గోడ చిరిగిన టైరుకు ఆ కిట్టు పనికిరాదు. రాత్రి వేళ శ్రీశైలం ఘాటు రోడ్డు మీద అది తెలుసుకోవడం మంచిది కాదు.

ఏడవ పని: డెలివరీ రోజున, ఆ తరువాత

నిమ్మకాయలు తొక్కించకముందు ఒక్క అయిదు నిమిషాలు టైర్ల చుట్టూ తిరగండి. నాలుగింటి మీదా ఒకే సైజు, ఒకే కంపెనీ ఉన్నాయా చూడండి. పక్కన నాలుగు అంకెల తేదీ గుర్తు ఉంటుంది: 2324 అని ఉంటే అది 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. బండి తయారైన నెలకన్నా టైరు చాలా పాతదైతే కారణం అడగండి.

తరువాత గాలి. పెట్రోలు బంకులో గాలి పట్టేవారు ఎంత కొట్టాలి అని అడిగితే చాలామంది ముప్పై అయిదు అంటారు, అది ఎక్కడ నుండి వచ్చిన అంకో ఎవరికీ తెలియదు. మీ బండి స్టిక్కరు చెప్పినదే చెప్పండి. ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పటికి ఒక అంకె, నిండుగా ఎక్కి సామాను పెట్టినప్పటికి మరో అంకె ఉంటే, ఊరికి వెళ్లే ముందు పెంచి, తిరిగి వచ్చాక తగ్గించండి. కొలిచేటప్పుడు టైరు చల్లగా, అంటే బండి కనీసం మూడు గంటలు నిలిచి ఉండాలి. నడిచి వేడెక్కిన టైరులో మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, రెంటచింతల, రామగుండం ఎండల్లో ఇంకా ఎక్కువ చూపవచ్చు. ఆ వేడి అంకె చూసి గాలి వదిలివేయకూడదు. మెత్తదనం కోసం స్టిక్కరుకన్నా తగ్గించి కొట్టించడం కూడా తప్పే: గోడ అతిగా వంగి వేడెక్కుతుంది, గుంతలో రిమ్ము దెబ్బ తింటుంది. మెత్తదనం గోడ ఎత్తులో ముందే కొనుక్కోవాలి, గాలి తగ్గించి తెచ్చుకోకూడదు.

కొత్త బండి షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్‌లు మొదట కొంచెం బిగువుగా ఉంటాయి. మొదటి వెయ్యి కిలోమీటర్లలో, గాలి సరిగ్గా ఉంచి, మీ కాగితం మీది రోడ్డులోనే తిరిగి చూడండి. అప్పటికీ కుదుపు ఎక్కువగా ఉంటే మొదటి సర్వీసుకు వెళ్లినప్పుడు వీల్ బ్యాలెన్సింగు, రిమ్ము వంపు పరీక్షించమని అడిగి, ఆ తరువాతే చక్రాలు మార్చే ఆలోచన చేయండి.